జెసింత పట్టిన నీళ్ళు

మా వీధిలో ఎవరింట ఏం ఉడుకుతోందో నాకు తెలియకుండా ఉండదు. అటువంటిది, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల పెరిగిన జెసింత ఈ వేసవి సెలవుల్లో వేలూరు వెళ్ళి ఏం చేస్తోందో పూర్తిగా రాబట్టడానికి నాకు ఐదు వారాలు పట్టింది.

జెసింత తల్లి ఆరోకియమేరి బూట్ల ఫ్యాక్టరీలో పైతోలు కుడుతుంది. తండ్రి పాల్‌రాజ్ లుంగీల మగ్గం మానేసి ఇప్పుడు లోడు ఆటో తోలుతున్నాడు. పిల్ల మా ఊరు గుడియాత్తంలోనే బీయెస్సీ రెండో ఏడు ముగించింది. మాటలు తక్కువ. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ మా మెట్ల దగ్గర ఆగి, నా మల్లెతీగ ఆకులు ఎందుకు ముడుచుకున్నాయో తిప్పి తిప్పి చూసేదే గాని, ఒక్క మాట అడిగేది కాదు. అడగడం నా పని.

పోయినేడు ఆరోకియమేరి కామెర్లతో నెల రోజులు మంచం మీద ఉంది. నీళ్ళ వల్లే అన్నాడు డాక్టరు. ఏ నీళ్ళ వల్లో చెప్పలేదు. జెసింత ఆ ప్రశ్ననే కాగితం మీద పెట్టి పంపితే, వేలూరులో ఒక కాలేజీ వాళ్ళు ఎనిమిది వారాల వేసవి పరిశోధనకు తీసుకున్నారు. అక్కడ ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క గురువు. ఈమెకు మేనక మేడం. హాస్టలు అక్కడే, బాగాయంలో. ప్రతి శనివారం బస్సులో వచ్చి, మా వీధిలో ఇరవై ఇళ్ళలో తాగే నీళ్ళు చిన్న సీసాల్లో పట్టి, మంచుగడ్డల పెట్టెలో పెట్టుకుని వెళ్ళేది. తన ఇల్లు మాత్రం లెక్కలో చేర్చకూడదట. ఆ నీళ్ళలో మందు కలిపి రెండు రోజులు ఉంచుతారు. నల్లబడితే నీళ్ళు చెడ్డవి.

ఇదంతా ఐదో శనివారం ఆమెను మా గడప ముందు నిలబెట్టి లాగితే వచ్చిన సంగతి. వీధిలో మొదటి ఇల్లు మాదే.

"ఇంతవరకు ఎన్ని నల్లబడినాయి పాపా?" అన్నాను.

"ఒకటి కూడా లేదవ్వా. ఎనభై సీసాలూ తేటగానే ఉండాయి. ఎండాకాలంలో ఇట్ల ఉండదే అని మేడంకే ఆశ్చర్యం."

ఆమె ముఖం వెలుగుతోంది. నేను ముఖం తిప్పుకున్నాను.

ఎందుకంటే, మొదటి శనివారానికి ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేను. వేలూరు నుంచి మన పిల్ల నీళ్ళకు వస్తోంది, కుళాయి నీళ్ళు పట్టి ఉంచుకున్న డ్రమ్ములోవి పోసి వీధి పరువు తీయకండి అని. ఇంటిముందుకు వచ్చినవాళ్ళకు ఉన్నదాంట్లో మంచివి ఇవ్వడమే మాకు తెలిసిన మర్యాద. నాలుగిళ్ళకు ఒక మినరల్ వాటర్ క్యాను చొప్పున లోగనాథన్ అంగడిలో కొని, ఆ నీళ్ళే చెంబుల్లో తెచ్చి ఇచ్చాం. పిల్ల ఏ ఇంట్లోనూ గడప దాటలేదు. వాళ్ళ అమ్మ కూడా అంతే. వాళ్ళు బయటే నిలబడతారు, మేము రమ్మనం. కులం పేరు ఎవరూ ఎత్తకుండానే ఎన్నేళ్ళుగానో అలాగే సాగిపోతోంది. అందుకే చెంబు ఎందులో మునిగిందో ఆమెకు తెలియలేదు.

దాచుకోవడం నాకు చేతకాదు. చెప్పేశాను. ఆమె పెట్టె కింద పెట్టి మెట్టు మీద కూర్చుండిపోయింది.

"అంటే ఇన్ని వారాలూ నేను చూసింది లోగనాథన్ అన్న అంగడి నీళ్ళా?" అంది.

ఎవరికి తెలుస్తుంది, మంచివనే రాసేయి, నీకూ పేరు, వీధికీ పేరు అన్నాను నేను.

"అట్ల రాస్తే మా యమ్మ మళ్ళా ఆ కుళాయి నీళ్ళే తాగతాది గదవ్వా."

అక్కడే కూర్చుని మేడంకు ఫోను చేసింది. నేను పనున్నట్టు లోపలికి వెళ్ళి తలుపు వెనక నిలబడ్డాను. ఎనభై సీసాలూ పనికిరావని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ ఏమన్నారో వినబడలేదు. ఫోను పెట్టగానే అడిగి తెలుసుకున్నాను. ఇవాళతో కలిపి ఇంకా నాలుగు శనివారాలున్నాయి, ఇకమీదట నీళ్ళు నువ్వే ముంచుకో అన్నారట.

"నేనెట్ల ముంచుకునేది అవ్వా? ఎవురింట్లోకి పోయేది?" అంది తల వంచుకుని.

నేను చెయ్యి పట్టుకున్నాను. చెప్పులు విడిచి కూడా గడప దగ్గర ఆగింది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న పిల్ల మా వంటింట్లోకి రావడం అదే మొదలు. డ్రమ్ము మూత తీస్తే అడుగున పాచి. ఎప్పుడు కడిగానో గుర్తులేదు. ఆమె సీసా ముంచింది. పక్కింటి రాజాంబాళ్ అప్పటికే మా కిటికీలో ఉంది.

"ఏమక్కా, ఇంత పాచి పెట్టుకోని మాకా బుద్ధి చెప్పినావు?"

"నీ డ్రమ్ము తెరువు. చేపలుంటే పులుసు పెట్టుకుందాము" అన్నాను.

రాజాంబాళ్ నవ్వుకుంటూ వెళ్ళి తన తలుపు తీసింది. ఆమె తీశాక మిగతావాళ్ళూ తీశారు. రెండిళ్ళ వాళ్ళు మాత్రం చెంబే తెచ్చారు. జెసింత చెంబు తీసుకుని థ్యాంక్స్ చెప్పింది గాని, సీసాలో పట్టలేదు.

మంగళవారం ఫోను చేసింది. పద్దెనిమిదిలో పదకొండు నల్లబడ్డాయి. మాదే అందరికంటే ముందు. ఆ మాట ఆమె చావుకబురు చెప్పినంత మెల్లగా చెబితే, నేను బ్లీచింగు పొడి ఎంత వేయాలో అడిగాను.

ఆఖరి రోజు ఆరోకియమేరీ నేనూ వేలూరు వెళ్ళాం. పిల్లలందరూ తమ పనిని పెద్ద అట్టల మీద అంటించి పక్కన నిలబడ్డారు. జెసింత ఇంగ్లీషులో చెప్పింది. తల్లులకూ అర్థం కావాలని మేనక మేడం మళ్ళీ తమిళంలో చెప్పించారు. మొదటి నాలుగు వారాల సీసాలు ఎందుకు తీసేశావని ఎవరో పెద్దాయన అడిగారు.

తప్పు నాదే సార్, నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తున్నారో లోపలికి వెళ్ళి చూడలేదు అంది.

ఆరోకియమేరి నా పక్కన తల దించుకుంది. నేను లేచి నిలబడ్డాను.

"బిడ్డ తప్పు కాదయ్యా. మేము లోపలికి పిలవలేదు."

మేనక మేడం దగ్గరకు వచ్చి, ఆ మాట కూడా అట్ట మీద ఉండాలని జెసింత చేతికి పెన్ను ఇచ్చారు. ఆమె ఒకసారి నా వైపు చూసి, వంగి రాయసాగింది.