రాళ్ల సంచి మీద నంబరు

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పాఠం చెబుతున్నా, బస్సులో కూర్చున్నా, అది నన్ను కుదురుగా ఉండనివ్వదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కడపలో పరిశోధన చేసే రోజుల్లో సుజాత నా తోడు. కోయిలకుంట్ల దగ్గర కూలి చేసుకునే ఇంటి పిల్ల, నాకన్నా చిన్నది. తూర్పు కనుమల్లో ఎర్రటి గార్నెట్ గింజలున్న రాళ్లు ఏరేవాళ్లం. ఒక భూఫలకం మరోదాని కిందికి దిగి, లోతున ఒత్తిడికి నలిగినప్పుడు పుట్టిన గింజలవి. వాటి వయసు తెలిస్తే, ఆ నేల ఎప్పుడు కిందికి దిగిందో తెలుస్తుంది. అది తేల్చడమే సుజాత పని.

ఒక రోజు రెండు సంచులు నింపాం. ఒకదానిలో కొండ నుంచి కొట్టి తీసిన రాయి. రెండోదానిలో వంకలో కొట్టుకొచ్చిన రాయి, ఎక్కడిదో తెలియదు. ఎండలో నంబర్లు వేసింది నేను. తారుమారు చేశాను. కావాలని కాదు. మరి ఆ తర్వాత చేసింది?

కొండరాయి అనుకుని సుజాత పరీక్షకు పంపినదానికి లెక్కకు అందని వయసు వచ్చింది. మా సార్ అందరి ముందూ ఆమెను తిట్టారు. బయటికొచ్చి అడిగింది:

"అక్కా, సంచుల మింద నంబర్లేసింది నువ్వా, నేనా? నాకు గ్యాపకం రాలేదు."

నాకు గుర్తుంది. బాగా గుర్తుంది.

"నువ్వే వేసినావు."

"అట్లనా... అయితే తప్పు నాదేలే."

ఆమె పరిశోధన మానేసింది. కొన్నాళ్లకు, వంక రాయి నంబరు పడిన సంచిలోని అసలు కొండరాయిని నేనే పరీక్షకు పంపాను. సరైన వయసు వచ్చింది. నా ఒక్కదాని పేరుతో వ్యాసం వేసుకున్నాను. దానితోనే ఉద్యోగం వచ్చింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా? ఎవరు ఆపారు నన్ను?

పోయిన నెల కల్లూరులో ఆమె ఇంటికి వెళ్లాను. ఇద్దరం షేర్ ఆటో ఎక్కాక, ఇంటి తాళం పడిందో లేదో చూసొస్తానని దిగింది. మళ్లీ దిగింది. "నా చెయ్యిని నేను నమ్మనక్కా, ఆ రాళ్ల కాడ్నుంచి" అంది నవ్వుతూ. అప్పుడు కూడా పక్కకు జరిగి చోటిచ్చానే తప్ప, నిజం చెప్పలేదు.

నిన్న ఫోన్ చేసి అంతా చెప్పేశాను. విని, సుజాత ఒక్కటే అడిగింది:

"ఇంతకూ ఆ కొండరాయి వయసెంతొచ్చింది?"

చెప్పాను.

"నేను అప్పుడే అంత ఉంటాదనుకుంటి" అని ఫోన్ పెట్టేసింది.

క్షమించమని నేను అడగలేదు. అడిగే ముఖం ఎక్కడిది? పొద్దుటి నుంచి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. వ్యాసం వేసిన పత్రికకు ఉత్తరం మొదలుపెట్టాను. ఆ పని సుజాతది అని మొదటి వాక్యం రాశాను. రెండో వాక్యం ఇంకా రావడం లేదు. అయినా, కొంచెం ఊపిరి ఆడుతోంది.