ఆరబెట్టిన మాటలు

డిగ్రీ చేతికొచ్చినవాడికి తెలియనిది ఏదీ ఉండదని మేం మనసారా నమ్మిన కాలం అది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. తెలుగు బి.ఏ. ప్యాసై, విశ్వవిద్యాలయంలో ఆరునెలల తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. చేతిపనులవాళ్లు వాడుకునే మాటలు వాళ్లతోనే పోకుండా ఒక నిఘంటువు వేయాలని మా ఆచార్యులవారి సంకల్పం. ఊళ్లు తిరిగి ఆ మాటల్ని చీటీల మీద రాసుకురావడం మా పని. నా వంతుకు వాకాడు పక్కన తుంగచాపలు నేసే వీధి వచ్చింది. "నువ్వు చెప్పకు, వాళ్లని చెప్పనివ్వు. అంతే నీ ఉద్యోగం" అని ఆచార్యులవారు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు. (రెండోసారి ఎందుకు చెప్పారో అప్పట్లో అర్థం కాలేదు.)

ఆ వీధిలో అందరూ ముస్లిం కుటుంబాలవాళ్లే. పెద్దదిక్కు ఒక ముసలామె. ఊరంతా ఆమెను నానీ అనేది, నేనూ అలాగే పిలిచాను. నా ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు, భుజానికి సంచి చూసి వీధిలోవాళ్లు తహసిల్దారు కచేరీ నుంచి వచ్చాననుకున్నారు. కాదని చెప్పడానికి నాకెందుకో నోరు రాలేదు. కాలువ పక్కన వాళ్లు తాతల నాటినుంచి తుంగ కోసుకునే పల్లం ఒకటుంది. కరణంగారి దస్త్రాల్లో అది బీడు. దాన్ని వరి సాగుకు ఎవరికో ఇచ్చేస్తారని అప్పుడే పుకారు పుట్టింది. మొదటిరోజే నానీ అడిగింది: "అబ్బయ్యా, మా తుంగ సంగతి నీ కాయితంలో ఎక్కితే, మా పల్లం మాకుంటాదా?"

"ఎందుకుండదు నానీ? యూనివర్సిటీ అంటే ఏమనుకున్నావు" అనేశాను. యూనివర్సిటీ తరఫున నాకున్న అధికారం, మా ఆఫీసులో రెండో సిరాబుడ్డి అడిగి తీసుకోవడానికి కూడా చాలేది కాదు.

పది రోజుల్లో నాలుగొందల చీటీలయ్యాయి. ఆఖరిరోజు మాత్రం నా చదువు నోరు విప్పింది. గట్టుతుంగ వేరు, మడుగుతుంగ వేరు అంది నానీ. రెండూ ఒకటే మొక్క అన్నాను నేను. "ఒకటి కాదబ్బయ్యా. గట్టుది విరిగిపోతాది, మడుగుది వంగుతాది." "నేను చూపిస్తా రా" అని, సంచి భుజాన ఉండగానే గట్టు దిగి మడుగులోకి రెండడుగులు వేశాను. మూడో అడుగుకు నేల లేదు. నడుం దాకా బురదలో కూరుకుపోయాను. నా సంచి నా కళ్లముందే నింపాదిగా మునిగింది. నానీ కోడలు గబగబా గుప్పెడు తుంగ మెలివేసి నాకందించి, కొస పట్టుకుని ఒడ్డుకు లాగింది. నానీ గట్టుమీద గొంతుక్కూర్చుని అంతా చూసి, "నువ్వు పట్టుకున్నది మడుగుతుంగ అబ్బయ్యా. గట్టుదైతే ఈపాటికి తెగిపోయుండేది" అంది.

కోడలు సంచి కూడా వెతికి తీసింది. విప్పి చూస్తే చీటీలన్నీ నీలంగా, ముద్దగా ఉన్నాయి. అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే నిజం చెప్పేశాను: నేను ఆఫీసర్ని కాను, ఆరునెలలకు పెట్టుకున్న గుమాస్తాని, పల్లం గురించి నేనిచ్చిన మాటకు విలువ లేదు అని.

 "తెలుసులే" అంది నానీ. "ఆఫీసర్లు చాప మీద కూచుంటారా యాడన్నా?"

"మరి తెలిసీ పది రోజులు ఎందుకు చెప్పావు నానీ?"

"ఇన్నాళ్లూ అడిగినోళ్లు లేరు గదబ్బయ్యా."

వీధి పొడవునా కొత్త చాపలు పరిచారు. చీటీలు ఒక్కొక్కటే విడదీసి, ఎగిరిపోకుండా గులకరాళ్లు పెట్టి ఆరబెట్టారు. అక్షరం చెరిగిన చోటల్లా ఆడవాళ్లు మళ్లీ చెప్పారు, ఒకరి మాట ఒకరు కొట్టేసి పోట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. మొదటిసారి చెప్పింది కళ్లజోడుకు, ఈసారి బురద కొట్టుకున్న కుర్రాడికి. మళ్లీ చిగురు వేయడానికి కోయకుండా వదిలే దుబ్బును తల్లి అంటారని అప్పుడే తెలిసింది. రెండు రోజుల్లో నాలుగొందలు ఆరొందలయ్యాయి.

ఆచార్యులవారి ముందు నిలబడి అన్నీ ఒప్పుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన బురద మరకల చీటీలు ఓపిగ్గా చదివి, "యూనివర్సిటీ తరఫున మాటిచ్చావన్నమాట" అన్నారు. నేను తల వంచుకున్నాను. "ఇచ్చాక ఏం చేస్తాం, నిలబెట్టుకోవాలి" అని, మరుసటి వారం నాతో బస్సెక్కారు.

పల్లం గట్టుమీదికే తహసిల్దారుగారిని పిలిపించుకున్నారు. "రికార్డులో బీడేనండీ" అన్నారాయన. ఆచార్యులవారు వాదించలేదు. చీటీలు తీసి, ఒక్క తుంగ గురించే పావుగంట చదివారు. చివర్న, "బీడులో ఇన్ని మాటలు మొలుస్తాయటండీ?" అని మెల్లగా అడిగారు. తహసిల్దారుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ తర్వాత మా ఆచార్యులవారు ఎన్ని ఉత్తరాలు రాశారో నాకు తెలుసు, నకళ్లు తీసింది నేనే గనక. ఆఖరికి సగం పల్లం వరికి పోయింది, సగం వీధి ఉమ్మడికి దక్కింది. నేను మొహం వేలాడేసుకుని కబురు చెబితే, "మడుగున్న సగం మనదేగా, చాల్లే" అంది నానీ.

పుస్తకం అచ్చు కావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. అప్పటికి నేను లెక్చరర్ని. ఒక ప్రతి తీసుకెళ్లి నానీకి పేజీ పేజీ చదివి వినిపించాను. చూపు తగ్గింది కానీ చెవి తగ్గలేదు. ఎండిన తుంగను నేతకు ముందు నానబెడతారని చదవగానే చెయ్యెత్తింది. "నానబెడితే కుళ్లిపోతాది. నీళ్లు చిలకరించి పదును చేస్తాం. ఎవురు చెప్పినారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్కటీ నేను సొంతంగా రాసుకున్నది.

ఆ తప్పు సంగతి ఉత్తరం రాస్తే, రెండో ముద్రణలో దిద్దుతామని ఆచార్యులవారు జవాబు రాశారు. రెండో ముద్రణ రాలేదు. ఇప్పుడు నాకు నానీ అంత వయసొచ్చింది. ఏ ఊరి లైబ్రరీలో ఆ పుస్తకం కనబడినా ఇటూ అటూ చూసి, పెన్సిలు తీసి 'నాన' కొట్టేసి 'పదును' అని రాసి, ఏమీ ఎరగని పెద్దమనిషిలా బయటికొస్తుంటాను. (ఇప్పటికి పదకొండు ప్రతులయ్యాయి. లైబ్రేరియన్లు మన్నించాలి.)