కాకి తన్నిన నేను, శవపేటిక ఆయన

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జోరులో సింగపూర్ చేరిన కొత్తలో, బెడోక్ హాకర్ సెంటర్‌లో అన్నం తింటుంటే, ఒక తెల్ల పెద్దాయన నా ఎదుట కూర్చున్నాడు. స్పెయిన్‌లో, గలీసియా తీరాన చేపలు పట్టే ఊరు ఆయనది.

"సముద్రంలో చావు తప్పించుకున్నాను. మా ఊరి మొక్కు ప్రకారం, ఊరేగింపులో నా ఖాళీ శవపేటికతో పాటు నేనే నడిచాను," అన్నాడు.

నాకేమీ వింతనిపించలేదు. "ఇంటర్‌లో ఉండగా నన్ను కాకి తలమీద తన్నింది అంకుల్. చుట్టాలు ఏడిస్తే గండం పోతుందని, నేను పోయానని మా అమ్మే కబురంపింది," అన్నాను.

"ఏడ్చారా?"

"అందరూ ఏడ్చారు. మా మేనమామ ఏడుస్తూనే నా సైకిల్ తన కొడుక్కిమ్మన్నాడు."

ఆయన చెంచా కింద పెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నేను ఒడ్డు చేరేసరికి మా బావ రేవులో ఉన్న నా సొంత పడవకు రంగు కూడా మార్చేశాడు!"