మబ్రూకా పిన్ని గుమ్మం దాటే పద్ధతి

మబ్రూకా పిన్ని తట్టకుండా ఏ గుమ్మమూ దాటదు. తలుపు లేకపోయినా సరే. తలుపూ, పైకప్పూ, మూడు గోడలూ కూలిపోయి ఉత్త గుమ్మమే మిగిలినా సరే, ఆవిడ వేలి వెండి ఉంగరం దాని మీద మోగాల్సిందే.

కుట్టు కార్ఖానాలో సామాన్ల గదికి తలుపు ఊడిపోయి రెండేళ్ళయింది. పిన్ని మాత్రం రోజూ ద్వారబంధం తట్టి, "నేనే, మబ్రూకాని, దారం కోసం వచ్చాను" అని దారపు ఉండలకు చెప్పి, ఏడు అంకెలు లెక్కపెట్టాకే లోపల అడుగు పెడుతుంది. ఒకసారి ఆసుపత్రిలో మంచం చుట్టూ కట్టిన గుడ్డ తెర తడితే చప్పుడు రాలేదని, నోటితోనే "టక్ టక్" అంది. పక్క మంచాల రోగులు ముగ్గురు "రండి" అన్నారు.

అలాంటి మనిషితో దుగ్గా శిథిలాలు చూడటానికి వెళ్ళడమంటే మాటలు కాదు. రోమన్లు కట్టిన ఆ ఊళ్ళో ఇళ్ళకు గుమ్మాలు తప్ప పెద్దగా ఏం మిగల్లేదు. పైగా పిన్ని పుట్టింది అక్కడే. వాళ్ళవాళ్ళు తరతరాలుగా ఆ రాళ్ళ మధ్యే కాపురాలు చేశారు. పిన్ని చిన్నతనంలో ప్రభుత్వం అందరినీ కొండ కింది కొత్త ఊరికి పంపేసింది. ఇళ్ళు పోయాయిగాని పిన్ని మనసులో చిరునామాలు పోలేదు.

ఆ ఆదివారం ముగ్గురు వెళ్ళారు. పిన్ని, ఆవిడతో కార్ఖానాలో కుట్టే అమ్మాయిలు విదాద్, నజీహా. పాత నాటకశాల రాతి మెట్ల మీద కూర్చుని, మట్టి పొయ్యిలో కాల్చిన తబూనా రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. తినగానే విదాద్, "గుడి దగ్గర పూలు చూసొస్తా" అని లేచి వెళ్ళింది.

విదాద్ గుడికి వెళ్ళలేదని నజీహాకు ఒక్కదానికే తెలుసు. బావి ఉన్న ఇంట్లో, రేడియోలు బాగుచేసే షుక్రీ ఎదురు చూస్తున్నాడు. పెద్దల చెవిన పడని సంగతి అది.

పది నిమిషాలకు కాపలాదారు తాహర్ కర్ర ఊపుకుంటూ వచ్చాడు. విదాద్‌కు సొంత పెదనాన్న.

"ఎవడో కుర్రాడు ఒక పిల్లతో ఇళ్ళ వైపు పోయాడట, మేకల వాళ్ళు చెప్పారు. ఇవాళ ఒక్క గది వదలను. మా విదాద్ ఏది?"

"గుడి దగ్గరుంది బాబాయ్," అంది నజీహా. ఆ మాట ఆమెకే వినపడలేదు.

దొరికితే రేపటి నుంచి విదాద్ కుట్టుమిషను ముందు పీట ఖాళీ. పని మాన్పించేస్తారు. మాన్పించడమంటే ఏమిటో నజీహాకు తెలుసు. ఆమెను బడి మాన్పించిన రోజు ఇంట్లో ఎవరూ అరవలేదు. పొద్దున లేచేసరికి కొక్కేనికి సంచి లేదు, అంతే.

పరిగెత్తి చెబుదామంటే తాహర్ కళ్ళెదుటే ఉన్నాడు. ఈలోగా పిన్ని ఒళ్ళో రొట్టె ముక్కలు దులుపుకుని లేచింది.

"ఇళ్ళ వైపా? పద, నేనూ వస్తా. నేను లేకుండా మావాళ్ళ ఇళ్ళలోకి ఎలా పోతావు?"

నజీహా వాళ్ళ వెనకే నడిచింది.

మొదటి గుమ్మం దగ్గర ఉంగరం మోగింది. "ఇంట్లోవాళ్ళూ, ముగ్గురం వస్తున్నాం. నేను మబ్రూకాని. వెంట నజీహా, కాపలా తాహర్. ఒకటి, రెండు..."

"ఎవరికి చెబుతున్నావక్కా, బల్లులకా?"

"వాటికి మాత్రం మర్యాద అక్కర్లేదా?"

ఏడు అనగానే ఒక బల్లి బయటికి పోయింది. "చూశావా, దారిచ్చింది," అంది పిన్ని.

రెండో గుమ్మంలో తాహర్ చొరబడబోతే చొక్కా చెయ్యి పట్టి ఆపింది. "మా మేనత్త ఇల్లు. చెప్పకుండా వస్తే ఊరుకోదు."

"ఆవిడ పోయి ముప్పై ఏళ్ళయింది."

"ఆవిడ పోయింది సరే, నీ సిగ్గు కూడా పోయిందా?"

మూడో ఇంట్లోంచి ఒక పరదేశీ ముసలాయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి, తల వంచి వెళ్ళిపోయాడు. బావి ఇల్లు ఇంకో రెండు గుమ్మాల అవతల ఉంది.

"పిన్నీ, వ్యాను టైమైంది, పోదాం," అంది నజీహా.

"పిలుపులకొచ్చి సగం వీధి వదిలేసి పోతామా?"

ఇక ఆ ఉంగరం లాగి లోయలోకి విసరాలనిపించింది నజీహాకు. ఈవిడే చెయ్యి పట్టుకుని తాహర్‌ను తిన్నగా అక్కడికి తీసుకుపోతోంది.

బావి ఇంటి ముందు తాహర్ ఆగాడు. లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. అతను కాలెత్తాడు. పిన్ని గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"టక్ టక్. నేను మబ్రూకాని, సాల్హా కూతుర్ని. వెంట నజీహా. ఇంకా తాహర్, విదాద్‌కు పెదనాన్న, కాళ్ళకు బూట్లు, చేతిలో కర్ర. ఒకటి... రెండు..."

అయిదు దగ్గర పిన్నికి తుమ్ము వచ్చింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

వెనక గోడ మీంచి రాళ్ళు జారాయి. ఆ వెంటే ఏదో పర్రున చిరిగింది. మందపాటి గుడ్డ, కుట్టు వెంబడే చిరిగిందని నజీహా చెవి కనిపెట్టింది.

"ఏంటా చప్పుడు?"

"మా పెద్దమ్మ మేక."

"మేక ఇప్పటిదాకా బతికుందా?"

"ఆరు," అంది పిన్ని.

ఏడు పూర్తయింది. బావి గట్టు మీద విదాద్ ఒక్కతే కూర్చుని, ఒక చెప్పు విప్పి మడమ రుద్దుకుంటోంది.

"చెప్పు కరిచింది పెదనాన్నా."

తాహర్ నాలుగు మూలలూ చూశాడు. పిన్ని గొంతు తగ్గించింది. "ఆడపిల్ల చెప్పు విప్పుకుని కాలు చూసుకుంటోంది. నువ్వు సరాసరి దూరితే ఏం బాగుంటుంది?" తాహర్ బిత్తరపోయి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

దిగేటప్పుడు నజీహా పిన్ని పక్కన నడిచింది. "విదాద్ అక్కడుందని నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

"మరి?"

"ఎవరో ఒకరుంటారని తెలుసు. మేమిక్కడున్నప్పుడు గదికి పదిమందిమి. ఏడవాలన్నా నవ్వాలన్నా, బయటివాళ్ళు గుమ్మంలో లెక్కపెట్టే ఆ ఏడు అంకెలే మాకు చాటు. తట్టకుండా వచ్చేవాళ్ళంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మంట."

వ్యాను నిండిపోయింది. ముందు సీట్లో షుక్రీ, వీపు సీటుకు అంటించుకుని బిగుసుకు కూర్చున్నాడు. తమ్ముడి కూతుర్ని ఎక్కించడానికొచ్చిన తాహర్ కన్ను అతని మీద పడింది.

"ఏమోయ్, పెద్దావిడ నిలబడితే నువ్వు కూర్చుంటావా? లే."

షుక్రీ లేవలేదు. మొహం మిరపపండైంది. వ్యానంతా అతని వైపే చూసింది. విదాద్ కిటికీ బయటకు చూసింది, నజీహా తన చేతులకేసి చూసుకుంది.

"లేవమంటుంటే వినపడ్డంలా?"

"కూర్చోనీ తాహర్," అంటూ పిన్ని వెనక సీట్లో ఇద్దరు లావుపాటి ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుంది. "ముందు కూర్చుంటే నాకు కళ్ళు తిరుగుతాయి." తర్వాత తన పెద్ద శాలువా తీసి ఉండచుట్టి ముందుకందించింది. "బాబూ, ఇది కాస్త నీ దగ్గర పెట్టుకో. దిగేటప్పుడు నడుముకు చుట్టుకుని దిగినా నేనేమీ అనుకోను."

షుక్రీ రెండు చేతులా అందుకున్నాడు. శాలువా అంచున ఒక సూది గుచ్చి ఉంది, అతని ప్యాంటు రంగు దారం ఎక్కించి.