చిన్నోడి ఎడమ చెవి

మా చిన్నాయన కొడుక్కి ఎడమ చెవి వినపడదు. పుట్టుకతో వచ్చింది కాదు. నేను కొట్టాను. మా ఊళ్ళో ఇది అందరికీ తెలుసు. ఎందుకు కొట్టానో మాత్రం చాలామందికి సరిగ్గా తెలియదు. రెండు కంప్యూటర్ల మధ్య ఒక ఫోల్డర్ కోసం కొట్టానంటే ఎవరు నమ్ముతారు?

మైదుకూరు దాటాక వచ్చే నేతగాళ్ళ ఊరు మాది. నాన్న, చిన్నాయన కలిసే ఉండేవారు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే కప్పు కింద ఎనిమిది మగ్గాలు. ఇద్దరూ వాళ్ళ నాన్న చేతిలో బాగా దెబ్బలు తిన్నవాళ్ళే. మా తాత కొడితే గోడకు తగిలి ఆగేవాళ్ళమని నాన్న గొప్పగా చెప్పుకునేవాడు. నన్ను దబ్బున ఒకటి పీకాక కూడా అదే చెప్పేవాడు, ఇదేం దెబ్బ, మా నాయన కొట్టింటే తెలిసేది అని.

ఆ తాత మేం పుట్టకముందే పోయాడు. ఎనిమిది నెలల తేడాతో నేనూ, చిన్నాయన కొడుకూ పుట్టాం. తొలి మగబిడ్డకు తాత పేరు పెట్టాలి కదా. మా నాన్న పెట్టాడు. మరి చిన్నాయనకు ఆయన తండ్రి కాడా? ఆయనా పెట్టాడు. అలా ఒక ఇంట్లో ఇద్దరం ఒకే పేరుతో పెరిగాం.

దాని వల్ల ఇంట్లో ఏ తకరారూ రాలేదు, ఎందుకంటే ఆ పేరు ఎవరూ పలకరు. జేజికి, అంటే నాయనమ్మకు, అది మొగుడి పేరు. మా అమ్మకూ, చిన్నమ్మకూ మామ పేరు. ఆడవాళ్ళు చచ్చినా నోట రానివ్వరు. నాన్నకూ చిన్నాయనకూ కన్నతండ్రి పేరు, ఆ పేరు పెట్టి మమ్మల్ని వెధవా అని తిట్టడానికి నోరెలా వస్తుంది? అందుకని నేను పెద్దోడు, వాడు చిన్నోడు. అసలు పేరు బడి రిజిస్టర్లో, రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేదు.

రెండువేల అయిదు ప్రాంతంలో చిన్నోడు కడపలో కంప్యూటర్ కోర్సు చదివి వచ్చాడు. అప్పటికి నేను ముందు గదిలో విండోస్ పెట్టె మీద చీర అంచులు గీస్తున్నాను. గీసిన డిజైన్ వెనక గదికి పోతే, అక్కడ చిన్నోడు దాన్ని గళ్ళ కాగితం మీద అచ్చు తీసి, మగ్గానికి ఎక్కించే అట్టలకు రంధ్రాలు కొట్టించేవాడు. మొదట్లో ఫ్లాపీల్లో మోసేవాళ్ళం. నా పెట్టెకు రెండుసార్లు వైరస్ పట్టి డిజైన్లు నాశనమయ్యాక, చిన్నోడు వెనక గది పెట్టెలో విండోస్ తీసేసి, వైరస్‌లు అంతగా పట్టని లినక్స్ వేశాడు. రెండింటి మధ్య వైరు లాగి, వైర్లను కలిపే హబ్బు డబ్బా గోడకు బిగించి, లినక్స్ పెట్టెలో ఉన్న ‘డిజైన్స్’ అనే ఫోల్డర్ విండోస్‌లో కనపడేలా చేశాడు. నేను అందులో వేస్తే చాలు, అవతల వాడికి అందేది. అదే పేరుతో అలాంటి ఫోల్డరే నా పెట్టెలో కూడా పెట్టాడు, వాడు నాకేమైనా పంపాలంటే పనికొస్తుందని. ఆరు నెలలు బంగారంలా నడిచింది.

ఆ తర్వాత నా పెట్టెకు మూడోసారి వైరస్ పట్టింది. చిన్నోడు ఊళ్ళో లేడు. నేనే తుడిచేసి విండోస్ మళ్ళీ వేసుకున్నాను. నా వైపు డిజైన్స్ ఫోల్డర్ కూడా మళ్ళీ చేసి, అవతలికి కనపడేలా పంపకానికి పెట్టాను. వాడి ఫోల్డర్‌కు పాత దారి ఎలా తెచ్చుకోవాలని వాడికి ఫోన్ చేస్తే చెప్పాడు, “మన పేరు కొట్టి, పక్కన డిజైన్స్ అని కొట్టన్నా, వస్తాది.” కొట్టాను, వచ్చింది. అప్పుడు కడప కొట్టువాళ్ళ పెళ్ళి చీరల పని చేతిలో ఉంది. కొత్త అంచు గీసి అందులో వేశాను.

మర్నాడు ఊరి నుంచి వచ్చిన చిన్నోడు వెనక గది నుంచి అరిచాడు. “అన్నా, ఈడ ఏమీ రాలేదు. మళ్ళా పంపు.”

“పంపినా రా. నా కండ్ల ముందరే ఉండాది.”

వచ్చి నా తెర మీద చూశాడు. అంచు ఉంది. వెనక్కి పోయి తన తెర మీద చూశాడు. లేదు. వాడు తన వైపు నుంచి ఒక ఉత్త ఫైలు వేసి కనపడిందా అని అడిగాడు. కనపడలేదన్నాను. నేను అబద్ధమాడుతున్నానన్న అనుమానం వాడి ముఖంలో కనపడింది. నాకు ఒళ్ళు మండింది.

మూడు రోజులు చిన్నోడు ఆ లినక్స్‌తో కుస్తీ పట్టాడు. ఫోల్డర్ మీద అనుమతులన్నీ తెరిచాడు, పాస్‌వర్డ్ మార్చాడు, పంపకం చూసే ప్రోగ్రామును ఆపి మళ్ళీ లేపాడు, వైరు మార్చాడు. పేరు కాకుండా పెట్టె నెంబరు కొట్టి పలకరిస్తే రెండు పెట్టెలూ ఒకదానికొకటి బదులిస్తున్నాయి. డిజైన్ మాత్రం చేరదు. ఫ్లాపీలో తీసుకుపోదామంటే కొత్త డిజైన్ అందులో పట్టదు. నేను నా పెట్టెను అరచేత్తో చరిచాను, కాలితో తన్నాను. రేకు సొట్ట పడింది.

ఎనిమిది మగ్గాల్లో ఆరు ఆగిపోయాయి. మగ్గం కొట్టే చప్పుడు ఆగితే మా ఇంట్లో మనుషులు కొట్టుకునే చప్పుడు మొదలవుతుంది.

“నీ కొడుకు గీసింది లేదు, పెట్టింది లేదు. పెట్టె ముందర కూచ్చోని ఆడుకుంటాండాడు,” అన్నాడు చిన్నాయన.

“నీ కొడుకే మాయం జేస్తాండాడు. ఎవురికి అమ్ముకుంటాండాడో అడుగు పో,” అన్నాడు నాన్న.

చిన్నాయన పోయి నిజంగానే అడిగాడు. అడగడమంటే చిన్నోణ్ణి జుట్టు పట్టుకుని బయటికి లాగి, నేతగాళ్ళందరి ముందూ చెంపలు వాయించడం. చిన్నోడు తిరగబడలేదు, ముక్కులోంచి రక్తం కారుతుంటే తుడుచుకుని మళ్ళీ తెర ముందు కూర్చున్నాడు. జేజి గడపలో కూర్చుని తాతను తలుచుకుంటూ అంది, “ఆయప్ప పోయినా ఆయప్ప చెయ్యి మాత్రం ఈ ఇంట్లోంచి పోలేదు.”

నాలుగో రోజు మధ్యాహ్నం చిన్నోడు నా వెనక వచ్చి నిలబడ్డాడు. మూతి వాచి ఉంది. “అన్నా, నిజం చెప్పు. నువ్వు యాడ పెడతాండావు?”

నిజం చెప్పమన్న మాట నన్ను కాల్చేసింది. లేచి గోడ మీది వైరు పట్టుకుని పీకాను. మేకులతో సహా ఊడొచ్చింది. హబ్బును గోడకేసి కొట్టాను, ముక్కలైంది. చిన్నోడు నా చెయ్యి పట్టుకున్నాడు. కిటికీలో నాడె ఉంది. మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే చెక్క పడవ అది, రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. దాన్ని తీసి కొట్టాను. ఒక్కసారి కాదు. రెండో దెబ్బ చెవి మీద పడింది. వాడు చెవి మూసుకుని, ఏదో చప్పుడు వింటున్నట్టు తల పక్కకు వంచి అలాగే కూలిపోయాడు. వాడి వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి నా కీబోర్డు మీద పడింది.

నన్ను నాన్న కొట్టాడు, చిన్నాయన కొట్టాడు. ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి అన్నదమ్ములిద్దరూ ఒకే పని కలిసి చేశారు. చిన్నోణ్ణి ఆటోలో వేసుకుని కడప ఆసుపత్రికి పోయారు. నన్ను రానివ్వలేదు.

మర్నాడు పొద్దున కీబోర్డు తుడిచి పెట్టె తెరిచాను. ఎందుకో ఆ ఫోల్డర్ మీద నొక్కాను. తెరుచుకుంది. నా అంచులన్నీ ఉన్నాయి, పెళ్ళి చీరది కూడా. వైరు నేల మీద చుట్ట చుట్టుకుని ఉంది. హబ్బు ముక్కలు మూలన ఉన్నాయి. వెనక గదికి దారే లేదు. మరి ఈ ఫోల్డర్ ఎక్కడిది?

నాదే. విండోస్ మళ్ళీ వేసినప్పుడు పెట్టెకు పేరేమిటని అడిగింది. నా పేరు కొట్టాను. అంతకుముందు దానికి కొన్నచోట పెట్టిన పేరేదో ఉండేది. లినక్స్ పెట్టెకు చిన్నోడు ఎప్పుడో తన పేరు పెట్టుకున్నాడు. రెండూ తాత పేరే. మన పేరు కొట్టమన్నాడు వాడు, నేను కొట్టాను, పెట్టె తనను తానే పలకరించుకుంది. నేను పెట్టినవన్నీ నా దగ్గరే ఉన్నాయి. నేనూ అబద్ధమాడలేదు, వాడూ ఆడలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. చాలా ఏడ్చాను.

పదిరోజులకు చిన్నోడు చెవిలో దూదితో వచ్చాడు. లోపలి నరం పోయిందన్నారట. నేను పోయి అంతా చెప్పాను. కుడిచెవి నా వైపు తిప్పి విన్నాడు.

“పొద్దున పెట్టె తెరిచినప్పుడు అది ఏమన్నా చెప్పేదా అన్నా?”

“చెప్పేది. ఇదే పేరుతో ఇంగొకటి ఉండాదని.”

“దినామూనా?”

“దినామూ.”

“నువ్వేం జేసినావు?”

“ఓకే నొక్కినా. ఇద్దరం ఉండాము గదా, దాంట్లో కొత్తేముండాది అనుకొన్యా.”

చిన్నోడు చెవిలో దూది సర్దుకుని అన్నాడు, “ఆ మాట నాతో చెప్పింటే ఒక నిమిషం పని అన్నా.”

నా పెట్టె పేరు పెద్దోడు అని మార్చాను. ఆ ఏడే నాన్న, చిన్నాయన ఇల్లు పంచుకుని నడిమధ్య గోడ కట్టారు. గోడ ఆరకముందే చిన్నోడు దాని అడుగున రంధ్రం పెట్టి, కొత్త వైరు లాగాడు. ఎవరూ వద్దనలేదు. డిజైన్లు మళ్ళీ అటు పోవడం మొదలైంది.

ఇప్పటికీ వాడు మగ్గాల చప్పుడులో నిలబడి ఉంటే, నేను మరిచిపోయి ఎడమవైపు నుంచి పిలుస్తాను. పలకడు. పక్కన నేతగాడు నా ముఖం చూసి తల దించుకుంటాడు. నేను చుట్టూ తిరిగి కుడివైపుకు పోయి మళ్ళీ పిలుస్తాను.