చక్రాల కింద రెండు కొబ్బరికాయలు

యానాం వంతెన ఇంకా రాని రోజులవి. ఎదుర్లంక రేవులో కారును పంటు ఎక్కించి గోదావరి దాటితే అవతలి ఒడ్డున యానాం, అది పాండిచ్చేరిది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న అంబాసిడర్ చూసుకుని నేను తెగ మురిసిపోయేవాణ్ణి. ఆ ఉదయం భార్యనీ, మూడేళ్ల పాపనీ పంటు మీద కారులోనే వదిలేసి, నది చూస్తూ నిలబడ్డాను.

కొబ్బరికాయల గోనెతో పక్కనే కూర్చున్న ఒక పెద్దాయన లేచి, ఒలవని కాయలు రెండు మా కారు వెనక చక్రాల కిందికి తోశారు.

వయసు కూడా చూడకుండా, “ఎవడ్రా నువ్వు? నా కారు మీద చెయ్యేస్తావేం?” అని అరిచాను.

“చెయ్యెయ్యలేదండి బాబూ, కాయలేసేనండి. పాపగారు లోపలున్నారు కదండీ,” అని నవ్వేరాయన.

పంటు ఒడ్డుకు ఆని, ముందు భాగం పైకి లేచింది. కారు వెనక్కి కదిలి, కాయల మీదికి సగం ఎక్కి ఆగిపోయింది. వెనక రెండడుగుల చెక్క, ఆపైన గోదావరి. పరుగెత్తి చూస్తే నేను హ్యాండ్‌బ్రేకే వేయలేదు.

ఆయన చిట్లిన కాయను కత్తితో చీల్చి, ఒక కొబ్బరి ముక్క పాప చేతిలో పెట్టి, గోనె భుజాన వేసుకుని దిగిపోయారు. నేను హ్యాండ్‌బ్రేకు లాగి తలెత్తేసరికి ఆయన ఒడ్డెక్కిపోయారు, క్షమించమని అడగనేలేదు.

ఆ రోజు సముద్రం దాకా వెళ్లాం. నాకు గుర్తున్నది మాత్రం పాప కొరుకుతున్న ఆ కొబ్బరి ముక్కే.

ఇప్పటికీ కారు ఎక్కడ ఆపినా బ్రేకు వేసి, దిగి, చక్రం కింద ఒక రాయి పెడతాను. “ఇక్కడ చదునే కదా నాన్నా!” అని కూతురు నవ్వుతుంది. నా భార్య మాత్రం రెండో రాయి వెతికి తెస్తుంది.