అటక మీద జహాజ్

మా చిన్నప్పుడు అండమాన్‌లో, మా పేట డిగ్నాబాద్‌లో మాకు రెండు జహాజ్‌లు ఉండేవి... ఒకటి సముద్రంలో, ఒకటి అటక మీద.

నవ్వకండి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడను ఓడ అన్నవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు. ఇంట్లో తెలుగైనా, బెంగాలీ అయినా, తమిళమైనా అది జహాజే. బియ్యం, పప్పు, కిరసనాయిలు, ఉల్లిపాయలు, ఉత్తరాలు... అన్నీ అందులోనే రావాలి. అది కూత వేసిందంటే వీధి వీధంతా సంచులు పట్టుకుని జెట్టీకి పరుగు! అందరికంటే ముందు నేను. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవు గానీ, ఆ కూత వింటే కాళ్ళు ఇప్పటికీ చెప్పుల కోసం వెతుకుతాయి.

రెండో జహాజ్ మా అమ్మది. పొట్ట లావుగా, మెడ సన్నగా ఉండే మట్టికుండ. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. పురుగు పట్టకుండా పైన ఎండుమిరపకాయలు. పక్కనే ముంతల్లో ఉప్పు, చింతపండు. "పెద్ద జహాజ్ రాకపోతే ఇదే మన జహాజ్" అనేది. చుట్టాలొచ్చినా, పండగొచ్చినా, నేను అలిగి పడుకున్నా అది దిగేది కాదు. ముఖ్యంగా నేను అలిగితే.

ఒక ఏడాది వానాకాలంలో తుఫాను పట్టుకుంది... నాన్న వేటకు వెళ్ళే చిన్న పడవ, మేము డోంగీ అంటాం, ఒడ్డెక్కి బోర్లా పడుకుంది. మద్రాసు నుంచి రావలసిన జహాజ్ రాలేదు. మామూలుగా బియ్యం లేని రోజున చేపలుండేవి, చేపలు లేని రోజున బియ్యముండేది. ఈసారి రెండూ మాట్లాడుకుని సెలవు పెట్టాయి. దుకాణంలో దుకాణదారు తప్ప ఏమీ మిగల్లేదు. వీధంతా కర్రపెండలం ఉడకబెట్టుకు తింటోంది.

మా ఇంట్లో అక్క పచ్చి బాలింత. కర్రపెండలం గొంతు దిగదు, పాలు చాలవు. పసిది ఏడుస్తుంటే అక్కా ఏడుపు మొదలుపెట్టింది.

"ఊరుకోయే గుంటా. రేపు పొద్దున్న జహాజ్ దించుతాను కదేటి" అంది అమ్మ.

ఆ మాట వాకిట్లో ఉన్న మా మేనత్త చెవిన పడింది. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. మేము కుండను జహాజ్ అంటామని తెలియదు. జెట్టీలో ఓడ సరుకు దించడమే అనుకుని, బిందె తీసుకుని వీధి కుళాయి దగ్గరకు నడిచింది... కుళాయి అంటే మా వీధి రేడియో.

"రేపు పొద్దున్న జహాజ్ దించుతారట. మా వదినే చెప్పింది!"

"సచ్? జహాజ్ ఆ రహా హై?" నిజంగా వస్తోందా అంటూనే ఎదురింటి బెంగాలీ దీదీ బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది.

మా నాన్న డోంగీ ఉండేది జెట్టీ పక్కనే, అక్కడి కబుర్లు ముందు మా ఇంటికే వచ్చేవి. కాబట్టి ఆ కబురును అనుమానించినవాళ్ళు లేరు.

తెల్లారేసరికి జెట్టీ మీద జాతర! సంచులు, డబ్బాలు, కిరసనాయిలు సీసాలు, చంకల్లో పిల్లలు. తుంపర్లో తడుస్తూనే వరసల కోసం తోపులాట. అమ్మ అన్న మాట నా చెవిన పడలేదు, కాబట్టి నేనూ మేనత్త చెయ్యి పట్టుకుని ముందు వరసలో... ఎదురుగా సముద్రం మాత్రం పలక తుడిచినట్టుంది. జెట్టీ కాపలా మనిషి మమ్మల్ని ఎగాదిగా చూసి, "కౌన్ సా జహాజ్?" అన్నాడు. ఏ జహాజ్ అని!

అందరూ మేనత్త వైపు తిరిగారు. మేనత్త మా ఇంటి వైపు నడిచింది. వెనకాల వీధంతా.

తలుపు తీసే ఉంది. అమ్మ పీట మీద నిలబడి, కుండను అప్పుడే అటక నుంచి దించుతోంది. గుమ్మంలో జనాన్ని చూసి, "ఏటిది? ఎవలు పోనారు?" అంది.

"జహాజ్ ఏదీ వదినా?" అంది మేనత్త.

అమ్మ తన చేతిలోని కుండను చూసుకుంది. మేనత్తను చూసింది. తడిసిన సంచులను చూసింది. విషయం అర్థమైంది. "ఇదేనే" అంది.

ఎవరూ నవ్వలేదు. అందరి చూపూ కుండ మీదే. అది బాలింత కోసం దాచిన బియ్యం. గుమ్మంలో దీదీ చంకన పిల్లవాడు వేలు చీకుతున్నాడు. అమ్మ చేతులు కుండ చుట్టూ ఇంకాస్త బిగుసుకున్నాయి.

అప్పుడు లోపల మంచం మీంచి అక్క అంది: "అందరికీ వండీయే అమ్మా. ఇన్ని కళ్ళు చూత్తుంటే నాను ఒక్కదాన్నే తింటే ఉన్న పాలు ఇరిగిపోతాయి."

ముందు నవ్వింది దీదీయే. నేను తెలుగులోంచి హిందీలోకి మార్చి చెప్పగానే!

అమ్మ బాలింత కోసం ఒక ముంతెడు బియ్యం పక్కకు తీసింది. తర్వాత గుమ్మానికి అడ్డంగా నిలబడి, "టికెట్ నేకుండా నా జహాజ్ ఎవలూ ఎక్కరాదు. ఇంట్లో ఏటుంటే అది తెండి" అంది.

ఎంత సందడో! దీదీ దాచుకున్న పప్పు తెచ్చింది. తమిళ మామి కొబ్బరికాయలు, పక్కింటి రాంచీ భయ్యా అడవి నుంచి కోసుకొచ్చిన ఆకుకూర, దుంపలు. మేనత్త ఎవరూ చెప్పకుండానే పొయ్యి ఊదడానికి కూర్చుంది, నోటికి వేరే పని ఉండకుండా. పలచటి జావే అయినా ఆ రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదు నాకు. అసలు జహాజ్ కూత వేసేదాకా వీధికంతా అదే పొయ్యి. అక్క ముంతను మాత్రం ఎవరూ ముట్టలేదు.

కొత్త బియ్యం వచ్చిన రోజు అమ్మ ఎసరు పెట్టకముందే ఖాళీ కుండలో గుప్పెడు వేసింది. ఎదురింట్లోంచి దీదీ కేక: "హమారా భీ జహాజ్ చఢ్ గయా!" మా జహాజ్ కూడా ఎక్కేసిందని. వీధిలో ప్రతి అటక మీదా ఒక జహాజ్ ఎక్కింది.

మొన్నటి గాలివానకు విమానాలు ఆగి, దుకాణాలు మూతపడితే మా మనవడు ఫోను పట్టుకుని "నానమ్మా, ఏదీ డెలివరీ లేదట" అన్నాడు, లోకం ముగిసిన ముఖంతో. పీట తెమ్మన్నాను. జహాజ్ దించాను.

జావ కాచాను... బాగానే ఉంది. కానీ గుమ్మంలోకి ఎవరూ రాలేదు. పక్కింట్లో ఏం తిన్నారో తెలుసుకోవడానికి నాకు వాళ్ళ నంబరు కూడా లేదు. అందుకే గిన్నె పట్టుకుని నేనే వెళ్ళి తలుపు కొట్టాను.

మీ ఇంటి అటక మీద ఏముండేది? దాన్ని ఏమని పిలిచేవారు? చెప్పండి... ఇప్పుడది ఖాళీగా ఉంటే, సిగ్గుపడకుండా అదీ చెప్పండి. మా ఇంట్లో ఇంకో గుప్పెడు ఉంది.